డ్రయ్యర్‌లో థర్మల్ ఫ్యూజు పోయిందా? కొత్తది వేసే ముందు గాలి సంగతి తేల్చండి

అమెరికా ఇళ్లలో మామూలుగా కనిపించే, బట్టలారబెట్టే ఎలక్ట్రిక్ డ్రయ్యర్ 240 వోల్టుల మీద, 30 ఆంపియర్ల బ్రేకరుతో నడుస్తుంది. లోపలి హీటరు ఒక్కటే 5,400 వాట్ల దాకా లాగుతుంది. మన ఊళ్లో బాత్రూముల్లో పెట్టుకునే 2,000 వాట్ల గీజర్లు రెండు కలిపినా దానికి సరిపోవు. పైగా గీజరులో హీటరు చుట్టూ నీళ్లుంటాయి. ఇక్కడ ఉండేది గాలి, నూలుబట్టలు, వాటి నుంచి రాలే నూగు. ఇంత వేడిని అదుపులో ఉంచే బాధ్యత గుప్పిట్లో పట్టే నాలుగు చిన్న ముక్కలది: నడిపించే థర్మోస్టాట్ (వేడి పెరిగితే కరెంటు తెంచే స్విచ్చు; కొత్త మోడళ్లలో దాని బదులు థర్మిస్టర్), హై లిమిట్ థర్మోస్టాట్, థర్మల్ ఫ్యూజు, థర్మల్ కటాఫ్.

డ్రయ్యర్ వేడెక్కడం మానేయగానే చాలామంది చేసేది ఒకటే. వీడియో చూస్తారు, వెనక రేకు విప్పుతారు, మల్టీమీటరు పెట్టి థర్మల్ ఫ్యూజు పోయిందని తేలుస్తారు, ఆన్‌లైన్లో చవగ్గా దొరికే కొత్త ఫ్యూజు తెప్పించి బిగిస్తారు. మిషను మళ్లీ తిరుగుతుంది. కొన్ని వారాలకు మళ్లీ ఆగుతుంది. ఫ్యూజు నాసిరకమని తిట్టుకుని ఇంకోటి తెప్పిస్తారు. నిజానికి చాలాసార్లు ఆ ఫ్యూజు మంచిదే, తన పని తాను చేసింది. అది ఎందుకు తెగిందన్నది తెలియాలంటే ముందు మిషనులో గాలి నడిచే దారి తెలియాలి.

గాలి లెక్క

డ్రయ్యర్‌లో ఫ్యాను గాలిని తోయదు, లాగుతుంది. గదిలోని గాలి ముందు హీటరు పెట్టెలోకి వెళ్తుంది, అక్కడ కాగి డ్రమ్ములోకి దూరుతుంది, తడిబట్టల మధ్య నుంచి వచ్చి నూగు జల్లెడ దాటి, బ్లోయరులోకి, అంటే ఆ ఫ్యానులోకి చేరి, అక్కణ్ణుంచి నాలుగంగుళాల గొట్టం (డక్టు) గుండా ఇంటి బయటికి పోతుంది. ఈ దారిలో ఉష్ణోగ్రత కొలవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి హీటరు పెట్టె, అంటే గాలి బట్టల్ని తాకక ముందు. రెండోది బ్లోయరు పెట్టె, అంటే గాలి బట్టల పని ముగించుకుని వచ్చాక. రక్షణ ముక్కలన్నీ ఈ రెండు చోట్లే ఉంటాయి. ఏది ఎక్కడుందో గుర్తుంటే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే.

ఇప్పుడు చిన్న లెక్క. డక్టు శుభ్రంగా ఉన్న మిషను నిమిషానికి సుమారు 150 ఘనపుటడుగుల గాలిని లాగుతుందనుకుందాం. 5,400 వాట్లు ఆ గాలిని 63 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కిస్తాయి. గది 25 డిగ్రీలుంటే హీటరు దాటిన గాలి 88 డిగ్రీలు. బట్టలకు సరిపోయే వేడి, ఎవరికీ ముప్పు లేదు. డక్టు మూసుకుపోయి గాలి సగానికి పడిపోయిందనుకోండి. హీటరు మాత్రం అదే 5,400 వాట్లు వదుల్తూ ఉంటుంది, దానికి గాలి సంగతి తెలియదు. పెరుగుదల 126 డిగ్రీలవుతుంది. గాలి 150 డిగ్రీల మీద డ్రమ్ములోకి దూరుతుంది. గాలి 100 ఘనపుటడుగులకు తగ్గినప్పుడే అది 120కి చేరుతుంది. ఈ 120 అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అదే సమయంలో బ్లోయరు దగ్గర పరిస్థితి వేరు. కిలో నీటిని ఆవిరి చెయ్యడానికి దాదాపు 0.65 యూనిట్ల వేడి కావాలి, దాన్నంతా తడిబట్టలే మింగేస్తాయి. అందుకే బట్టలు తడిగా ఉన్నంతసేపూ బయటికొచ్చే గాలి గోరువెచ్చగానే ఉంటుంది. హీటరు పెట్టె కుతకుతలాడుతున్నా బ్లోయరు దగ్గరి థర్మోస్టాటుకు అంతా చల్లగానే కనిపిస్తుంది.

ఏ ముక్క ఏం చేస్తుంది

బ్లోయరు పెట్టె మీద ఉండే నడిపించే థర్మోస్టాట్ రోజువారీ పనివాడు. దీని లోపల, వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహాలు అతికించిన చిన్న గిన్నెలాంటి బిళ్ల ఉంటుంది. డబ్బా మూత మధ్యలో నొక్కితే టక్కున లోపలికి పోయి, వదిలితే టక్కున పైకి లేచినట్టు, నిర్ణీత వేడి దగ్గర ఈ బిళ్ల ఒక్కసారిగా తిరగబడి కాంటాక్టులు విడదీస్తుంది. మెల్లగా విడదీస్తే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు లేచి అవి కాలిపోతాయి కాబట్టి ఈ టక్కుమనడం అవసరం. ముక్క మీద ఎల్155-25ఎఫ్ అని ఉంటే 155 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే 68 సెల్సియస్ దగ్గర తెరుచుకుని, 25 డిగ్రీలు తగ్గి 130కి రాగానే మళ్లీ కలుస్తుందని అర్థం. కొన్ని మోడళ్లలో దీనికి నాలుగు కాళ్లుంటాయి. ఆ అదనపు రెండూ లోపలున్న బుల్లి హీటరువి. లో హీట్ పెట్టినప్పుడు ఆ బుల్లి హీటరు థర్మోస్టాటును కాస్త వెచ్చబెడుతుంది. దాంతో అసలు గాలి ఇంకా చల్లగా ఉండగానే థర్మోస్టాట్ తెరుచుకుంటుంది. తక్కువ వేడి ఇవ్వడానికి వాడిన ఈ ఉపాయం చవకైనదే అయినా తెలివైనది.

కంప్యూటర్ బోర్డు ఉన్న మోడళ్లలో ఈ పని థర్మిస్టర్ చేస్తుంది. చాలా మిషన్లలో అది 25 సెల్సియస్ దగ్గర 10,000 ఓములు చూపిస్తుంది, వేడెక్కే కొద్దీ విలువ పడిపోతుంది, 68 దగ్గర రెండు వేల ఓములకు దగ్గరగా వస్తుంది. ఆ విలువ చూసి బోర్డు హీటరు రిలేను (తాను నడిపే స్విచ్చును) కలుపుతుంది, విడదీస్తుంది. థర్మిస్టర్ పూర్తిగా తెగిపోతే బోర్డు గుర్తుపట్టి ఎర్రర్ కోడు చూపిస్తుంది కాబట్టి అదంత ప్రమాదం కాదు. ప్రమాదమల్లా వయసు మీదపడి విలువ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చూపించే థర్మిస్టర్‌తోనే. బోర్డు ఇంకా చల్లగానే ఉందనుకుని హీటరును నడుపుతూనే ఉంటుంది.

హై లిమిట్ థర్మోస్టాట్ హీటరు పెట్టె మీద ఉంటుంది. ఇదీ బిళ్ల తరహాదే, మళ్లీ దానంతటదే కలుస్తుంది. ఎల్250-80ఎఫ్ అనేది బాగా వాడుకలో ఉన్న రకం: 250 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే 121 సెల్సియస్ దగ్గర తెరుచుకుని, 170 ఫారెన్‌హీట్ దగ్గర కలుస్తుంది. ఇందాకటి 120 అంకె ఇక్కడే తగులుతుంది. గాలి మూడోవంతు తగ్గగానే మిషను ఈ ముక్క గడప తొక్కుతోందన్నమాట. అసలు మిషనులో హీటరు తీగ నుంచి నేరుగా తగిలే సెగ కూడా కలుస్తుంది కాబట్టి అంకెలు కాస్త అటూ ఇటూ కావచ్చు గానీ కథ మారదు.

థర్మల్ ఫ్యూజు ఉండేది బ్లోయరు పెట్టె మీద. వర్ల్‌పూల్ చేసే చాలా మోడళ్లలో పొడుగాటి తెల్ల ప్లాస్టిక్ ముక్క ఇది, సుమారు 196 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే 91 సెల్సియస్ దగ్గర తెగుతుంది. తెగితే తెగినట్టే, మళ్లీ కలవదు. థర్మల్ కటాఫ్ హీటరు పెట్టె మీద హై లిమిట్‌కు పక్కనే ఉంటుంది. ఇంకా ఎక్కువ వేడికి, 300 ఫారెన్‌హీట్ పైన తెగుతుంది. అదీ ఒక్కసారికే. ఇలాంటి ఒక్కసారి ముక్కల్లో కొన్నిటి లోపల ఉండేది కూడా బిళ్లే, కాకపోతే అది తిరిగి కలవాల్సిన ఉష్ణోగ్రతను సున్నాకు చాలా కిందికి పెడతారు. ఇంట్లో ఎప్పటికీ అంత చలి రాదు కాబట్టి కలవదు.

ఇక్కడ వైరింగు తేడా ఒకటి తెలుసుకోవాలి. వర్ల్‌పూల్ తరహా మిషన్లలో బ్లోయరు మీది ఫ్యూజు మోటారు దారిలో ఉంటుంది, కాబట్టి అది పోతే స్టార్ట్ బటన్ నొక్కినా డ్రమ్ము కదలదు. ఇంకొన్ని తయారీల్లో అది హీటరు దారిలో ఉంటుంది, కాబట్టి డ్రమ్ము తిరుగుతుంది, వేడి మాత్రం ఉండదు. డ్రమ్ము తిరిగి వేడి రాకపోతే ఇంకో సంగతీ చూడాలి. మోటారు 120 వోల్టులతో, హీటరు 240తో నడుస్తాయి. జంట బ్రేకరులో ఒక వైపు పడిపోతే మోటారు మామూలుగా తిరుగుతుంది, హీటరుకు కరెంటే ఉండదు. మిషను విప్పే ముందు బ్రేకరును పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చెయ్యడం అర నిమిషం పని. చాలామంది దీన్ని మర్చిపోయి విడిభాగాలు కొంటారు.

గాలి తగ్గితే లోపల జరిగేది

డక్టు నూగుతో సగం పూడిన మిషనులో తడిబట్టలు వేసి హై హీట్ పెట్టారనుకుందాం. కొద్ది నిమిషాల్లోనే హీటరు పెట్టె 121 దాటుతుంది. హై లిమిట్ టక్కున తెరుచుకుంటుంది, హీటరు ఆగుతుంది. పెట్టె చల్లారి 77కి రాగానే మళ్లీ కలుస్తుంది. బ్లోయరు దగ్గర 68 ఇంకా రాలేదు కాబట్టి నడిపించే థర్మోస్టాట్ ఒక్కసారి కూడా తెరుచుకోదు. అంటే ఆ లోడు మొత్తాన్నీ నడిపించింది అత్యవసరానికని పెట్టిన ముక్క. బయటికి కనిపించేది ఒకటే: నలభై యాభై నిమిషాల్లో ఆరాల్సిన బట్టలకు గంటన్నర పడుతుంది. హీటరు సగంసేపు ఆగే ఉంటోంది కాబట్టి.

ఇలా నెలలు గడిస్తే హై లిమిట్ కాంటాక్టులు గుంటలు పడి, చివరికొకనాడు అతుక్కుపోతాయి. ఇక తెరుచుకోదు. వేడి ఇంకా పైకి పోతుంది, థర్మల్ కటాఫ్ తెగుతుంది. మనకు కనిపించేది తెగిన కటాఫ్. దాని పక్కనే అతుక్కుపోయిన హై లిమిట్‌ను మీటరుతో చూస్తే సున్నా ఓములు చూపించి అమాయకంగా కూర్చుంటుంది, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు మంచి థర్మోస్టాట్ కూడా సున్నానే చూపిస్తుంది. అందుకే ఈ రెంటినీ జంటగానే మార్చమని తయారీదారులు చెబుతారు, జంటగానే అమ్ముతారు. వర్ల్‌పూల్ 279816 కిట్టులో ఉండేవి ఆ రెండే. డబ్బు మిగుల్చుకుందామని కటాఫ్ ఒక్కటే తెప్పించుకోవడం పనికిరాని పొదుపు.

గాలి తగ్గడానికి డక్టు ఒక్కటే కారణం కాదు. బ్లోయరు చక్రం ప్లాస్టిక్‌ది, మోటారు షాఫ్టు మీద కూర్చుంటుంది. దాని నడిబొడ్డు అరిగితే షాఫ్టు తిరుగుతుంది, చక్రం జారిపోతుంది. మోటారు, డ్రమ్ము చక్కగా తిరుగుతూ గాలి మాత్రం ఉండదు. డ్రమ్ము అంచుల చుట్టూ ఉండే ఫెల్టు సీలు అరిగితే ఫ్యాను హీటరు గుండా లాగాల్సిన గాలిని ఆ సందు నుంచి లాగుతుంది, హీటరు పెట్టెకు గాలి తగ్గుతుంది. డ్రయ్యర్ షీట్లు (బట్టలు మెత్తబడాలని వాటితో పాటు వేసే పల్చటి ముక్కలు) వాడేవాళ్ల ఇళ్లలో నూగు జల్లెడ మీద కంటికి కనిపించని జిడ్డు పొర పేరుకుంటుంది. కుళాయి కింద పెట్టి నీళ్లు పోయండి, నీళ్లు జల్లెడ మీద నిలబడితే గాలీ దూరడం లేదని అర్థం. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు.

అయినా ఈ కారణాల్లో డక్టుదే పెద్ద వాటా. చాలా ఇళ్లకు వర్తించే అమెరికా నివాస భవన నియమావళి ప్రకారం డ్రయ్యర్ డక్టు నాలుగంగుళాల నున్నటి లోహపు గొట్టమై ఉండాలి, మామూలుగా 35 అడుగులు మించకూడదు, సాధారణ 90 డిగ్రీల వంపు ఒక్కోటీ అందులోంచి 5 అడుగులు తినేస్తుంది. నాలుగు వంపులుంటే మిగిలేది 15 అడుగులు. గొట్టాలు కలిపే స్క్రూల మొనలు లోపలికి పొడుచుకు రాకూడదు, నూగు మొదట చిక్కేది వాటికే. బయటి మూతికి జాలీ పెట్టకూడదు, పిట్టలు దూరతాయని పెట్టిన జాలీ మూడు నెలల్లో దుప్పటిలా మూసుకుపోతుంది. మిషను వెనక గొట్టానికీ గోడకూ మధ్య పెట్టే వంగే గొట్టం లోహపుదై ఉండాలి. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం కనిపిస్తే ఆ రోజే పీకేయండి. మిషనును గోడకు ఆనించి తోసేటప్పుడు ఆ వంగే గొట్టం నలిగి చప్పిడైపోవడం అన్నిటికన్నా మామూలు కారణం, ఇల్లు మారిన కొత్తల్లో మరీనూ. టౌన్‌హౌసుల్లో లాండ్రీ గది పై అంతస్తు మధ్యలో ఉండి డక్టు కప్పు మీదికి తేలితే నూగు పైకి ఎక్కలేక వంపుల్లో కూర్చుంటుంది. అలాంటి ఇంట్లో ఏడాదికోసారి డక్టు తోమించడం తప్పదు.

డక్టు బాగున్నా ఫ్యూజు పోతుంటే

అప్పుడు హీటరు తీగను అనుమానించాలి. ఇది కాస్త మెలికున్న సంగతి, కానీ దీన్ని పట్టుకోలేకే చాలా మిషన్లు పారేస్తున్నారు.

హీటరు తీగ పింగాణీ పూసల మధ్య వేలాడే స్ప్రింగు. 5,400 వాట్ల తీగ నిరోధం దాదాపు 10.7 ఓములు. అమెరికాలో 240 అంటే ఒకదానికొకటి ఎదురుగా ఉన్న రెండు 120 వోల్టుల వైర్లు. తీగ రెండు కొసల్లోనూ కరెంటు ఉంటుంది, రెండిటికీ రేకుతో పోలిస్తే 120 వోల్టులు. థర్మోస్టాట్లు, కటాఫ్ అన్నీ సాధారణంగా ఒక కొసను మాత్రమే తెంచుతాయి. రెండో కొస మోటారులో ఉండే వేగపు స్విచ్చు గుండా వస్తుంది, మోటారు తిరుగుతున్నంతసేపూ అది కలిసే ఉంటుంది.

ఇప్పుడు తీగ సాగి, సరిగ్గా మధ్యలో హీటరు పెట్టె రేకును తాకిందనుకోండి. థర్మోస్టాట్ తెరుచుకుని మొదటి కొసను తెంచుతుంది. రెండో కొస నుంచి కరెంటు సగం తీగ గుండా రేకులోకి, అక్కణ్ణుంచి ఎర్తింగులోకి పోతూనే ఉంటుంది. సగం తీగ 5.3 ఓములు, దానికి 120 వోల్టులు: దాదాపు 22 ఆంపియర్లు, 2,700 వాట్లు. మామూలుగా నడిచేటప్పుడూ హీటరు లాగేది 22 ఆంపియర్లే. 30 ఆంపియర్ల బ్రేకరుకు ఇందులో తేడా ఏమీ కనిపించదు, పడిపోదు. ఎర్తింగులోకి పోయే కరెంటును పట్టే బ్రేకరు పాత ఇళ్లలో ఉండదు. నో హీట్ సెట్టింగు పెట్టినా బట్టలు వేడిగా బయటికొస్తుంటే మీ మిషనుకు పట్టిన జబ్బు ఇదే.

హీటరు పక్కనున్న కటాఫ్ కూడా ఆ మొదటి కొస మీదే ఉంటే, అది తెగినా లాభం లేదు. మోటారు దారిలో పెట్టిన థర్మల్ ఫ్యూజు విలువ ఇక్కడ తెలుస్తుంది. బ్లోయరు దగ్గర 91 దాటగానే అది తెగి మోటారును ఆపుతుంది. మోటారు ఆగితే వేగపు స్విచ్చు విడిపోతుంది, రెండో కొస కూడా తెగుతుంది. హీటరు ఇంక ఎటునుంచీ బతకదు. ఫ్యూజు పోతే మిషను మొత్తం ఎందుకు ఆగిపోవాలి, వేడి ఒక్కటే ఆగితే చాలదా అని విసుక్కునేవాళ్లకు జవాబు అదీ.

బోర్డున్న మోడళ్లలో ఇలాంటిదే ఇంకో లోపం: రిలే కాంటాక్టులు అతుక్కుపోవడం. బోర్డు ఆపమంటుంది, రిలే వినదు. అప్పుడు కూడా మిషనును కాసేది హై లిమిట్, దాని వెనకున్న ఒక్కసారి ముక్కలే.

మోటారుకు సొంత రక్షణ వేరే ఉంటుంది. మిషను మధ్యలో ఆగిపోయి, కాసేపాగాక దానంతటదే మళ్లీ మొదలైతే అది మోటారు లోపలి ఓవర్‌లోడ్ స్విచ్చు పని. థర్మల్ ఫ్యూజు ఎప్పుడూ అలా తిరిగి రాదు.

ఈ ముక్కలకు కనిపించనివి

థర్మోస్టాటుకు తెలిసేది తానున్న చోటి వేడి ఒక్కటే. ఎర్రగా కాలిన తీగ మీద నూగు ఉండ పడితే గాలి ఇంకా చల్లగా ఉండగానే అది అంటుకుంటుంది. వర్ల్‌పూల్ సంస్థ 2015 నవంబరులో బ్రిటన్‌లో హాట్‌పాయింట్, ఇండెసిట్, క్రెడా పేర్లతో అమ్మిన డ్రయ్యర్లలో సరిగ్గా ఇదే లోపమని ప్రకటించింది. నూగు హీటరును తాకే అవకాశం ఉందని, 2004 నుంచి 2015 వరకు తయారైన మిషన్లకు మార్పులు చేస్తామని చెప్పింది. 2016 ఆగస్టులో లండన్ షెపర్డ్స్ బుష్‌లోని ఒక బహుళ అంతస్తుల భవనంలో మంటలు ఇండెసిట్ డ్రయ్యర్ నుంచే లేచాయి. 2019లో మిగిలిన మిషన్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అమెరికా అగ్నిమాపక విభాగం 2008-2010 మధ్య లెక్కల ప్రకారం ఇళ్లలో ఏటా సుమారు 2,900 డ్రయ్యర్ మంటలు, వాటిలో 34 శాతానికి మూలం శుభ్రం చెయ్యకపోవడం. జల్లెడ ప్రతి లోడుకూ తీసి దులపడంతో పాటు ఏడాదికోసారి కరెంటు తీసి రేకు విప్పి హీటరు పెట్టె చుట్టూ, మోటారు చుట్టూ వాక్యూమ్ పెట్టాల్సింది అందుకే.

రెండోది నూనె. తలంటుకు వాడిన తువ్వాళ్లు, నూనె తుడిచిన వంటింటి గుడ్డలు ఉతికాక కూడా దారాల్లో కొంత నూనె మిగులుతుంది. సన్‌ఫ్లవర్, సోయా, నువ్వుల నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు తామే వేడి పుట్టిస్తాయి. డ్రయ్యర్ నుంచి వేడివేడిగా తీసి దొంతర పెట్టిన గుడ్డల మధ్య ఆ వేడి బయటికి పోలేక పెరుగుతూ, మిషను ఆగాక కూడా పొగ లేవచ్చు. ఆ సమయానికి ఏ థర్మోస్టాటుకూ దాంతో సంబంధం లేదు. ఇలాంటి గుడ్డలు తీగ మీద ఆరేయడమే మంచిది. సైకిల్ చివర వచ్చే చల్లబరిచే దశను మధ్యలో ఆపడం కూడా ఇందుకే తప్పు. పైగా వేడి మీదున్న మిషనును ఆపితే ఫ్యాను ఆగి హీటరు పెట్టెలోని సెగ అక్కడే నిలబడుతుంది, మంచి కటాఫ్ కూడా తెగే అవకాశం ఉంది.

మన దేశంలో అమ్మే 230 వోల్టుల డ్రయ్యర్లలో హీటరు చిన్నది, 16 ఆంపియర్ల సాకెట్టు సరిపోతుంది. సూత్రం అదే. కొన్నిటిలో తెగిన రక్షణ ముక్కను మళ్లీ కలిపే చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కి వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది, కారణం వెతకాల్సిందే. హీట్ పంప్ రకాల్లో ఎర్రగా కాలే తీగ ఉండదు, గాలి చాలా తక్కువ వేడితో తిరుగుతుంది కాబట్టి ఈ గొడవలు తక్కువ.

పరీక్ష, మార్పు

ప్లగ్గు పీకండి. బ్రేకరు ఆఫ్ చేస్తే చాలులే అనుకోవద్దు. అరగంట చల్లారనిచ్చి వెనక రేకు విప్పండి, కొన్ని మోడళ్లలో ముందు రేకు. ఏ ముక్కనైనా కొలిచే ముందు కనీసం ఒక వైరు ఊడదీయాలి. లేకపోతే మీటరు కరెంటు పక్క దారిన చుట్టి వచ్చి, తెగిన ముక్కను కూడా బాగున్నట్టు చూపిస్తుంది. ఫ్యూజు, కటాఫ్, రెండు థర్మోస్టాట్లు గది వేడిలో సున్నాకు దగ్గరగా చూపాలి. హీటరు రెండు కాళ్ల మధ్య సుమారు 8 నుంచి 12 ఓములు రావాలి. ఆ తర్వాత హీటరు వైర్లు రెండూ ఊడదీసి, ఒక్కో కాలికీ పెట్టె రేకుకూ మధ్య మీటరు పెట్టండి. ఏ కొంచెం విలువ చూపినా తీగ రేకును తాకుతోంది, హీటరు మార్చాలి. ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇదొక్కటే.

కొత్త ముక్క అదే నంబరుది, అదే ఉష్ణోగ్రతది కావాలి. మాటిమాటికీ పోతోందని ఎక్కువ డిగ్రీలది వెయ్యడం, వైరు ముక్కతో రెండు కాళ్లు కలిపేయడం ఒకే కోవలోవి. పరీక్ష కోసమని కూడా కలిపి నడపొద్దు, మీటరు చెప్పలేనిది అది ఏమీ చెప్పదు. వైరు చివర టెర్మినల్ నల్లబడి వదులుగా ఉంటే, కొత్త ముక్క మీద అదే గుచ్చితే వారంలో కాలిపోతుంది. కాలిన వైరు కోసేసి, ఎక్కువ వేడికి తట్టుకునే టెర్మినల్‌ను క్రింపింగ్ పట్టకారుతో నొక్కాలి. హీటరు దగ్గర సోల్డరింగ్ పనికిరాదు, కరిగిపోతుంది.

బిగించాక ఖాళీ డ్రమ్ముతో, హై హీట్ మీద, టైమర్ పెట్టి నడిపి డక్టు మూతి దగ్గర గానీ, మిషను వెనక గొట్టం మొదట్లో గానీ థర్మామీటరు పెట్టండి. మిషనుకు దగ్గరగా కొలిస్తే 150-160 ఫారెన్‌హీట్ మధ్య హీటరు ఆగాలి, కొంత దిగాక మళ్లీ అందుకోవాలి. అంతకన్నా చాలా తక్కువ దగ్గరే ఆగి ఆగి వస్తుంటే పని చేస్తున్నది హై లిమిట్, గాలి ఇంకా సరిపోవడం లేదు. తప్పు డక్టుదా మిషనుదా అన్నది తేలాలంటే, వెనక గొట్టం ఊడదీసి, కిటికీ తెరిచి, ఓ పది నిమిషాలు నడిపి మళ్లీ కొలవండి. గ్యాస్ డ్రయ్యర్‌తో మాత్రం ఇలా చెయ్యకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. గొట్టం తీస్తే సరిగ్గా నడిచి, పెడితే నడవకపోతే మిషనును వదిలేసి గోడలోని డక్టు పని పట్టండి. గొట్టం తీసినా అంతే ఉంటే బ్లోయరు చక్రం, ఫెల్టు సీలు, జల్లెడ గూడు ఆ వరసలో చూడండి.